మొదటి తరగతి శుభాకాంక్షలు

మనుషుల మధ్య ఎంత ప్రేమ ఉందో తేల్చడానికి బొటనవేలిని మించిన సాధనం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. వచ్చిన గ్రీటింగ్ కార్డు మీద దాన్ని ఒకసారి అడ్డంగా రుద్దితే చాలు. అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలితే మొదటి తరగతి ప్రేమ. వేలికి మెరుపు పొడి అంటుకుంటే రెండో తరగతి. రెండూ లేకపోతే మూడు. ఫోన్లో వచ్చే పూలగుత్తి బొమ్మలను ప్రేమగా గుర్తించాలా, ఉత్త సమాచారంగా భావించాలా అన్నది మా ఇంట్లో ఇంకా పరిశీలనలో ఉంది.

ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర మావారి బొటనవేలు అప్పటికే తళతళలాడుతోంది. గొడవ కూడా అప్పటికే ముదిరింది.

"కార్డు వేరు, సంబంధం వేరు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారాయన.

"పిన్నిని వదిలేసి పోయిన మనిషికి బంగారు అక్షరాల కార్డు దేనికి నాన్నా?" అంది మా అమ్మాయి.

"ఆయన మనకు ఉబ్బెత్తు బంగారు అక్షరాలదే పంపాడు గనక."

ఏడాది చివర సెలవుల ముందు మా ఇంట్లో శుభాకాంక్షల సంఘం కొలువుతీరుతుంది. అధ్యక్షులు మావారు (తూనికలు, కొలతల ఆఫీసులో సూపర్‌వైజరు; అర్హతకు లోటు లేదు). అప్పీళ్ళు వినేది మా అత్తగారు. ప్రతిపక్షం మా అమ్మాయి. దస్తూరీ బాగుంటుందని నన్ను గుమాస్తాగా వేసుకున్నారు. గుమాస్తాకు ఓటు లేదు.

నిబంధన ఒక్కటే. ఎవరు ఏ తరగతి కార్డు పంపితే వాళ్ళకు మనమూ అదే పంపాలి. ఎక్కువ పంపితే లోకువైపోతాం, తక్కువ పంపితే మాట పడతాం. కార్డుల దుకాణం అతనికి కూడా ఇది తెలుసు. "ఎవరికమ్మా?" అని అడగడు. "వాళ్ళేం పంపారమ్మా?" అని అడుగుతాడు. (మా పెద్దాడపడుచు ఒక ఏడు కంటి ఆపరేషన్ చేయించుకుని కార్డు పంపలేకపోయింది. మరుసటి ఏడు మేమూ పంపలేదు. చూపు తిరిగొచ్చాక ఆవిడకు స్పష్టంగా కనిపించిన మొదటి సంగతి అదే.) ఇక కార్డు లోపల ఎవరేం రాశారో చదవడం మా పద్ధతిలో లేదు. అంత తీరిక ఉంటే ఫోనే చేయవచ్చు.

మా చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. దాని మొగుడు విడాకులు పుచ్చుకుని ఇంకొకామెను చేసుకున్నాడు. ఆయన ఇళ్ళ ప్లాన్లకు అనుమతులిచ్చే ఆఫీసులో అధికారి. మా మేడ మీద వేయబోయే గది ప్లాను ఆయన బల్ల మీదే ఉంది. కార్డుల చర్చలో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. అది మర్యాద కాదు.

"పైగా మనం పంపే ఈ కార్డు మీద 'దంపతులకు' అని అచ్చుంది. ఆయనా, భార్యా దంపతులే కదా? తప్పేముంది ఇందులో?" అన్నారు మావారు.

"దంపతుల్లో ఒకరు మారారు నాన్నా."

"కార్డు మీద పేర్లేం వేయలేదుగా."

ఈ వాదనను కొట్టేయడం, నాకు తెలిసి, ఏ కోర్టు వల్లా కాదు.

"మరి ఆ పిల్లకేం పంపుతార్రా?" అన్నారు అత్తగారు.

మావారు మా చెల్లెలి కార్డు తీసుకుని వేలితో రుద్దారు. ముతక అట్ట, దాని మీద చేత్తో గీసిన రెండు నీలం పిట్టలు. ఉబ్బెత్తు లేదు, మెరుపు లేదు. "మూడు," అన్నారు. మళ్ళీ ఆలోచించి, "మూడో రకం మీద కూడా 'దంపతులకు' అనే ఉందే. ఆ మాట మీద కాస్త వైట్‌నర్ పూసి పంపేద్దాం."

"ఛ, శుభమా అని పంపుతూ మాట చెరిపేస్తారట్రా? అసలు మానేస్తే పోలా! ఒంటిగా ఉన్నదానికి శుభాకాంక్షలంటే దెప్పినట్టుంటుంది పాపం."

ఈ విధంగా అప్పీలులో ఒక కొత్త సూత్రం స్థిరపడింది. కష్టంలో ఉన్నవాళ్ళకు శుభం కోరితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. కాబట్టి సుఖంగా ఉన్నవాళ్ళకే కోరాలి. (లోకంలో చాలా పెద్ద పెద్ద సంస్థలు దీని మీదే నడుస్తున్నాయి.)

"లోపల ఏం రాసిందో చదవనా?" అన్నాను.

గుమాస్తా నోరు తెరవడం సంఘం చరిత్రలో అదే మొదటిసారి. కాదనడానికి ఎవరికీ తోచలేదు.

"'అక్కా, ఈసారి సెలవుల్లో నాకు డ్యూటీ పడలేదు. హాస్టల్లో అందరూ ఊళ్ళకు వెళ్ళిపోతున్నారు. నేను రానా? కుదరదంటే ఏమీ అనుకోను.'"

మావారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది ఇవాళ్టి చర్చలో లేదు," అన్నారు.

"ఇప్పుడు పెట్టుకుందాం," అంది మా అమ్మాయి.

"నువ్వూరుకో. సెలవుల్లో ఆయనా, ఆవిడా ఓసారి వస్తామన్నారు. గది వేసే చోటు చూసి పోతారట. అప్పుడు మీ పిన్ని ఈ హాల్లో కూర్చునుంటే ఏం బాగుంటుంది? నాకు కాదు, దానికే ఇబ్బంది." నా వైపు తిరిగారు. "ఏమోయ్, 'సెలవుల తర్వాత తీరిగ్గా కలుద్దాం' అని రాసెయ్. నీ దస్తూరీలో చూస్తే బాధనిపించదు. తను అర్థం చేసుకునే మనిషి."

అర్థం చేసుకునే మనుషులు ఉండడం ఏ కుటుంబానికైనా పెద్ద వెసులుబాటు. వాళ్ళ మీద మంచి కార్డు ఖర్చు పెట్టనక్కర్లేదు.

సంఘం తీర్మానం చేసి, చేతులు కడుక్కుని లేచింది. మర్నాడు నేను చిరునామాలు రాశాను, స్టాంపులు అంటించాను, పోస్టాఫీసు వరుసలో నిలబడి కార్డులన్నీ ఇచ్చి వచ్చాను. మొదటి తరగతి వాళ్ళకు మొదటివి, రెండో తరగతి వాళ్ళకు రెండోవి. ఎక్కడా పొరపాటు జరగలేదు.

సాయంత్రం అందరూ టీలు తాగుతున్నారు. రేపటికి ఏం కూర వండాలో చెప్పినట్టు చెప్పాను.

"చెల్లి శుక్రవారం వస్తోంది. ఫోన్ చేసి రమ్మన్నాను. సెలవులన్నీ ఇక్కడే ఉంటుంది. మా గదిలో నా పక్కన పడుకుంటుంది. మీరు హాల్లో సర్దుకోండి."

మావారి చేతిలో కప్పు పైకీ పోలేదు, కిందికీ రాలేదు. "మరి వాళ్ళొస్తే?"

"వస్తే చెల్లే తలుపు తీస్తుంది. ఇంటి మనిషేగా."

"మేడ మీద గది ఆగిపోతుందే!"

"ఆగనివ్వండి."

మా అమ్మాయి బిస్కెట్ నములుతూ కిటికీలోంచి బయటికి చూసింది. గెలిచిన ప్రతిపక్షం ఎప్పుడూ అలాగే చూస్తుంది. అత్తగారు మావారి మొహం చూసి, నా మొహం చూసి, ఎటు తూగాలో తేల్చుకున్నారు. "ఆ పిల్ల టీ తాగుతుందా, కాఫీయా?" అన్నారు.

మావారు మాత్రం ఏదో లెక్క తేలనట్టు బొటనవేలు రుద్దుకుంటున్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. కార్డు కాకుండా మనిషే వస్తే ఏ తరగతిలో వేయాలో మా సంఘం ఇంతవరకు నిర్ణయించలేదు. ఇన్నేళ్ళుగా ఇన్ని కార్డులు పంపుతున్నా, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.