అట్టకు సరిపోయిన పుస్తకం

సంపూర్ణమ్మ గారి కథల పుస్తకం ముద్రణ పర్యవేక్షణకై విజయవాడ వన్ టౌన్‌లో జరిగిన సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న వరుసలో: సాహితీ సంఘాధ్యక్షులు వెంకటసుబ్బారావు గారు, ముందుమాటలు రాసిన పెద్దలు, రాయదలచిన పెద్దలు, చివరగా ముద్రణ బాధ్యురాలు సాజిదా. కుర్చీలు చాలనందున రచయిత్రి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

సంపూర్ణమ్మ గారిది మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబం. నేతవారి ఇళ్లలో చూసినవే కథలుగా రాశారు. "నలుగురూ చదివితే చాలమ్మా" అని ఆమె అన్నప్పుడు సాజిదా తల ఊపింది. అప్పటినుంచీ ఆ మాట సాజిదా మెడకు చుట్టుకుంది.

సంఘం ఆచారం ప్రకారం అట్ట ముందు అచ్చయింది. దానిమీద అధ్యక్షులవారి ఫొటో ఉన్నందున జాప్యం సముచితం కాదని భావించారు. తరువాత కథలూ అచ్చయ్యాయి. ఆపైన ముందుమాటలు రాసాగాయి. ఒకరు రెండు పేజీలు రాస్తే, వారికన్న పెద్దలు నాలుగు రాయక తప్పలేదు. ఉయ్యూరు వారు చెరకు సాగులో తమ అనుభవాలను జతపరిచారు. మైలవరం వారు అలిగారని తెలిసి, బతిమాలి మరీ రాయించారు.

తీరా బైండింగు వేళకు అన్నీ కలిపితే అట్టలో పట్టలేదు.

"రెండు ముందుమాటలు తీసేద్దామండీ," అంది సాజిదా.

"ఎవరివి తీస్తావమ్మా? వాళ్లింటికెళ్లి నువ్వు చెబుతావా?" అన్నారు అధ్యక్షులవారు.

"పోనీ, అట్ట మళ్లీ వేయిద్దామండీ."

"ఆ ఫొటో అంత బాగా మళ్లీ పడదు."

సుదీర్ఘ చర్చ అనంతరం, ఎవరి మనసూ నొచ్చుకోని మార్గంగా, కథలను తొలగించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. గుమ్మం దగ్గరివారికి ఓటు లేదు.

అచ్చయిన కథలను తుక్కుకు పంపే బాధ్యత సాజిదాకే దక్కింది. ఆమె వాటిని ఆవిష్కరణ సభలో మిరపకాయ బజ్జీలు వేయడానికి కుదిరిన కాశింకు అప్పగించింది.

"చాచా, పొట్లానికో కథ. లోపల అరిటాకు ముక్క వెయ్యి, అక్షరాలకి నూనె అంటకూడదు."

"తిని పారేసేదానికి ఇంత మర్యాదా, బేటీ?"

సభలో అధ్యక్షులవారు ఈ కథలు తెలుగుజాతి గుండెచప్పుడని సెలవిచ్చారు. శ్రోతలందరూ తలలు వంచుకుని ఉండటం తమ ప్రసంగం పట్ల గౌరవంగా స్వీకరించి, మరికొంత పొడిగించారు. పుస్తకాలు రిబ్బన్ల కట్టల్లో భద్రంగా ఉన్నాయి. వెనక వరుసల్లో పొట్లాలు చేతులు మారుతున్నాయి. ఒకాయన గుమ్మం పక్కన బజ్జీలు వేస్తున్న కాశిం దగ్గరకు వెళ్లి నెమ్మదిగా అడిగాడు: "బజ్జీ వద్దులే గానీ, ఇంకో కథుందా?"

గుమ్మం దగ్గర నిలబడిన సంపూర్ణమ్మ గారు ఆ మాట విని పైటచెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

సభా నివేదికను సాజిదా రాసింది. అధ్యక్షులవారు అలవాటు ప్రకారం చదవకుండానే సంతకం చేశారు. అందులోని ఆఖరి తీర్మానం ఇది: "సంఘం చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక రచనను పాఠకులచేత చివరిదాకా చదివించిన శ్రీ కాశిం గారికి ఈ సభ కృతజ్ఞతాపూర్వక అభినందనలు తెలియజేస్తున్నది."