పలకని రేణువులు

విశాఖ శివారులో కృత్రిమ కీళ్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో, మంటలోకి వెళ్లే ముందు ప్రతి మందు రేణువూ పేరు పిలవగానే "ఉన్నానండి" అని పలకాలి. నిబంధన పాతదే. లోహపు కీలు మీద ఎముకలాంటి ఖనిజపు పొడిని మండే గొట్టంతో చిమ్మి పూత వేస్తారు. ఒంట్లో చీము పట్టకుండా ఆ పొడిలోనే మందు కలుపుతారు. మందు అరవై డిగ్రీలు దాటితే చచ్చిపోతుంది. మంట వేల డిగ్రీలు. అందుకే హాజరు ముందే తీసుకుంటారు. ఇంతవరకూ ఒక్క గైర్హాజరు లేదు.

తనిఖీ చేసే పైడితల్లికి ఆ బుధవారం స్థిమితం లేదు. మర్నాడు ఆమె తుంటికి వేయబోయే కీలు ఆ రోజు తయారైన బ్యాచ్‌లోదే. నిరుడు వేసినది చీము పట్టి తీసేశారు. ఈసారీ పడితే కాలే తీసేస్తామన్నారు. చంకకర్రలు గోడకానించి, చల్లారిన కీలు దగ్గర చెవి పెట్టి, రిజిస్టర్‌లోని నాలుగు వందల పేర్లూ మళ్లీ పిలిచింది. ఒక్కటీ పలకలేదు.

మేనేజరు సదాశివుడు నిబ్బరంగా విన్నాడు.

"లోపలికెళ్లేటప్పుడు అందరూ పలికారు కదమ్మా?"

"పలికారండి. బయటికొచ్చాక ఒక్కడూ నోరెత్తట్లేదు."

"అలిసిపోయుంటారు."

"చచ్చిపోయారు సార్! పూత చల్లారినాక మందులో ముంచితే సరిపోద్ది కదండీ. ఆవడలకి గారె వేగినాకే కదా పెరుగులో వేస్తాం? పెరుగు తెచ్చి బాండీలో పోస్తామేటి?"

"మంచి మాట. కానీ రిజిస్టర్‌లో 'లోపలికి' అన్న గడి ఒక్కటే ఉంది. పాత రిజిస్టర్లు ఇంకా పదేళ్లకు సరిపడా ఉన్నాయమ్మా."

అనుమతి లేకుండా మౌనం వహించినందుకు రేణువులన్నిటికీ మెమోలు వెళ్లాయి. జవాబు రాలేదు కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టే రాసుకున్నారు. ఇక తనిఖీ సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టకపోతే బ్యాచ్ ఆగుతుంది. బ్యాచ్ ఆగితే ఆపరేషన్‌కు మళ్లీ ఆర్నెల్లు. పైడితల్లి పెట్టింది.

గురువారం ఉదయం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నర్సు రిజిస్టర్ తెరిచి పేరు పిలిచింది.

"ఉన్నానండి," అంది పైడితల్లి గట్టిగా.

నర్సు టిక్కు పెట్టింది. పైడితల్లి స్ట్రెచర్ మీంచి మెడ సాచి చూసింది. అందులోనూ 'లోపలికి' అన్న గడి ఒక్కటే. ఆమె వెనక్కి వాలి నిశ్చింతగా కళ్లు మూసుకుంది. ఆ థియేటర్‌లోనూ ఇంతవరకూ ఒక్క గైర్హాజరు లేదు.