అమ్మ నిలబడిన ఫ్రేము

ఆ ఉదయం గురుమూర్తి పెట్టుకున్న పని చిన్నదే. అంగడి తెరిచే ముందు తన పెళ్లి క్యాసెట్ స్టూడియోలో ఇచ్చి, అందులోంచి పటానికి, ఫ్లెక్సుకు అమ్మ ఫోటో ఒకటి తీయించాలి. ఎల్లుండి సుబ్బరత్నమ్మ మొదటి వర్ధంతి. కణేకల్‌లో అంత పెద్ద బట్టలంగడి ఉన్న ఇంట్లో ఆమె ఫోటో లేదు. కెమెరా కనబడితే వంటింట్లోకి పోయేది. ఆధార్ కార్డులో ఉన్నది తనేనని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు.

ఏడాదిగా గురుమూర్తికి ఒకటే భయం. కళ్లు మూసుకుంటే అమ్మ గాజుల చప్పుడు వినబడుతోంది, తిట్లు వినబడుతున్నాయి. ముఖం మాత్రం కొంచెం కొంచెంగా చెరిగిపోతోంది.

మధ్యాహ్నం స్టూడియో మార్కండేయ ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ ఒక్క తావ నిలబడలేదు. మనిషి కదిలితే బొమ్మ నిండా గీతలే. టీవీలో తెలీదు గానీ, ఫ్లెక్సుకు పెద్దది చేస్తే ముఖం దువ్వెన మాదిరి ఉంటాది."

"మల్లా చూడప్పా. పసుపు చీర, ఎర్రంచు."

అక్కడే కొంప మునిగింది. ఆ పెళ్లికి అంగడిలోని ఒకే కట్టలోంచి ఇంటి ఆడవాళ్లందరికీ చీరలు తీసిన సంగతి గురుమూర్తి మరిచిపోయాడు. మార్కండేయకు పసుపు చీర, ఎర్రంచుతో కెమెరా వైపు దర్జాగా కూర్చున్న మనిషి దొరికింది. ఒక్క గీత లేదు. ఫోన్‌కు పంపాడు.

ఆ ముక్కు, ఆ నుదురు. ఆ వయసు అమ్మను చూసి ఎన్నేళ్లయిందో. గురుమూర్తి కళ్లజోడు తడిసింది. "మాయమ్మే. వేసెయ్," అన్నాడు.

అది అమ్మ చెల్లెలు లలితమ్మ. బస్టాండు వెనక సందులో నిక్షేపంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గర ఫ్లెక్సు లేచింది. పైన 'ప్రథమ వర్ధంతి', మధ్యలో ముఖం. పేరు అడుగున ఉంది, పేరుకు అడ్డంగా పండ్ల బండి ఉంది. కాసేపటికి పాత పొరుగింటి తిప్పయ్య పూలదండతో లలితమ్మ తలుపు తట్టాడు. ఆమే తీసింది.

"దండ ఎవురికి తిప్పయ్యా?"

"నీకే అక్కా. పోయి ఏడాదైందని రాసినారు. మాకెవురూ చెప్పనే లేదే అని కోపంగా వస్తి."

"నాకూ ఎవురూ చెప్పలేదప్పా," అంది లలితమ్మ.

ఈలోగా ఎవరో ఫ్లెక్సును ఫోటో తీసి ఊళ్లకు పంపారు. వజ్రకరూరు బంధువులు జీపు కట్టుకొని వచ్చారు. దారి పొడవునా ఏడ్చిన వాళ్లకు లలితమ్మే కాఫీ పెట్టాల్సి వచ్చింది. ఒకామె ఇంతదూరం వచ్చినందుకు కాఫీ తాగి, మళ్లీ కాసేపు ఏడ్చి పోయింది.

సాయంత్రం లలితమ్మ అంగడి మెట్లెక్కింది.

"ఏరా గురూ, నన్నెప్పుడు చంపితివి?"

గురుమూర్తి ఫోన్‌లో ఫోటో మళ్లీ చూశాడు, పిన్నమ్మను చూశాడు. ఇద్దరూ స్టూడియోకు పోయారు. మార్కండేయ క్యాసెట్ నడిపాడు. పసుపు చీరల మధ్యలోంచి సుబ్బరత్నమ్మ బిందెతో అడ్డంగా పోయింది. ఎవరి బిడ్డకో ముక్కు తుడిచింది. పెళ్లికొడుకు బాసికం సరిచేసి, నెత్తిన మొట్టికాయ వేసింది.

"ఆడ ఆపు," అన్నాడు గురుమూర్తి. ఆపితే గీతలు. వదిలితే అమ్మ. మళ్లీ ఆపించాడు. మళ్లీ గీతలు.

"ఆపద్దప్పా," అంది లలితమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "మాయక్కను బతికినన్నాళ్లూ ఆపినోడు లేడు. ఇప్పుడు నువ్వేంది?"

వర్ధంతినాడు పటం ఉండాల్సిన చోట టీవీ పెట్టి, దానికే దండ వేశారు. సుబ్బరత్నమ్మ దండలోంచి బిందెతో పోతూ వస్తూ ఉంది. పురోహితుడు రెండుసార్లు మంత్రం తప్పాడు. ఆ రోజు గురుమూర్తి కళ్లు మూసుకుంటే ముఖం వచ్చింది, మొట్టికాయతో సహా.

ఫ్లెక్సు దించుదామని మార్కండేయ పోతే కట్టెలే మిగిలాయి. లలితమ్మ దాన్ని చక్కగా మడిచి ఇంటికి తీసుకుపోయింది.

"అది నీకెందుకు పిన్నమ్మా?" అన్నాడు గురుమూర్తి.

"ముఖం బాగా పడిండాది. నాకు ముందర పనికొస్తాది. మీరు మల్లా క్యాసెట్లు ఎతుక్కోవద్దు."

పేరు మార్చి, తేదీ చోటు మాత్రం ఖాళీగా ఉంచమని మార్కండేయకు ఆమె అప్పటికే చెప్పేసింది.