పెట్టకు హీటర్

చలికాలంలో మనిషికి హీటర్ ఎందుకండీ? దండగ! పెరట్లో నాలుగు కోళ్ళుంటే చాలు, చలి అనే మాటే గుర్తుకు రాదు. గుర్తు తెచ్చుకోవడానికి తీరిక ఉంటే కదా!

నవ్వకండి. నేను ఆషామాషీ మనిషిని కాను. ముప్ఫై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. కామా ఎక్కువైనా ఊరుకోను, తక్కువైనా ఊరుకోను. రిటైరయ్యాక, చలికాలంలో నీళ్ళు గడ్డకట్టే కొండ ఊళ్ళో ఉన్న మా అక్క ఇంటికి చేరాను. అక్క ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి నాకంటే ముందే రిటైరైంది. ఆవిడ పెరట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు. పుంజుకు నేనే 'ఎడిటర్' అని పేరు పెట్టాను. పొద్దున్నే అరవడం తప్ప దానికి ఇంకో పని లేదు మరి.

పోయిన వారం అక్క స్నేహితురాలికి మోకాలి ఆపరేషన్ అయింది. తోడుగా ఉండటానికి వెళుతూ అక్క నాకో చీటీ రాసి ఫ్రిజ్‌కు అంటించింది. ఆవిడ ఏం రాసినా మందుల చీటీలాగే ఉంటుంది. ఒక్క మాట ఎక్కువ పడదు. వార్డులో నలభై మంది ఉన్నా ఆవిడ రాతలో 'పేషెంట్' ఒక్కరే. అలాగే పెట్టలు నాలుగైనా చీటీలో పెట్ట ఒక్కటే. చిత్తగించండి.

"పెట్టకు గోరువెచ్చని నీళ్ళు, రోజుకు మూడుసార్లు.
పెట్టకు మొక్కజొన్న నూక, గూట్లోకి వెళ్ళేముందు గుప్పెడు.
పెట్టకు వాజలైన్, తలమీది జుట్టుకు.
పెట్టకు హీటర్"

అంతే. కాగితం అయిపోయింది.

చూశారా? నాలుగో లైను చివర ఫుల్‌స్టాప్ లేదు! నా ప్రాణం విలవిల్లాడింది. ఎర్ర పెన్ను తీసి అక్కడో చుక్క పెట్టాను. అప్పుడుగానీ నాకు టీ గొంతు దిగలేదు.

చుక్క పెట్టాక తీరిగ్గా మళ్ళీ చదివాను. పెట్టకు నీళ్ళు. పెట్టకు నూక. పెట్టకు వాజలైన్. పెట్టకు హీటర్. మరి తమ్ముడికి? తమ్ముడి ఊసే లేదు! ఒక కడుపున పుట్టినవాణ్ణి, ఒకే కంచంలో తిని పెరిగినవాణ్ణి, ఆ చీటీలో ఒక్క లైనుకు నోచుకోలేదా? నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. ఇంట్లో ఉన్న హీటర్ ఒక్కటే. అది నా మంచం పక్కనే ఉంది.

అయినా రాసింది రాసినట్టు అచ్చెయ్యడం మా వృత్తిధర్మం. హీటర్ చంకన పెట్టుకుని వెళ్ళి, పెరడంతా వైరు లాగి, గూట్లో పెట్టి స్విచ్చి వేశాను. పెట్టలు నాలుగూ రెక్కలు చాపుకుని దాని ముందు పడుకున్నాయి. నేను ఇంట్లోకి వచ్చి వణుకుతూ పడుకున్నాను.

ఇక ఆ ఐదు రోజుల్లో నేను పొందిన మేలు వినండి.

జనం ఒళ్ళు తగ్గడానికి జిమ్ములకు పోతారు. పాపం, తెలియక! తెల్లారేసరికి పెరట్లో కోళ్ళ నీళ్ళగిన్నె రాయిలా గడ్డకట్టి ఉండేది. దాన్ని వంటింట్లోకి మోసుకొచ్చి, మంచు దులిపి, నీళ్ళు కాచి, చంటిపిల్లాడి స్నానానికి చూసినట్టు మోచెయ్యి ముంచి చూసి, మళ్ళీ పెరట్లోకి మొయ్యాలి. గిన్నె కింద పెట్టీ పెట్టకముందే ఎడిటర్‌గారు అందులో బురదకాలు పెట్టేవారు. మళ్ళీ మొదలు! ఇలా మూడు పూటలా. మరి నా స్నానం అంటారా? నాకు గోరువెచ్చని నీళ్ళని ఎవరైనా రాస్తే కదా!

వాజలైన్ సంగతి చెబితే మీరు కూడా కోళ్ళు కొంటారు. జుట్టు గడ్డకట్టకుండా రాయాలట. రాయడం తేలికే, పట్టుకోవడమే కష్టం. ఒక పెట్టను పట్టేసరికి ఇంకో పెట్ట గోడెక్కేది. ఎవరికి రాశానో ఎవరికి రాయలేదో తెలియక ఒకదానికే మూడుసార్లు రాశాను. అది సబ్బుముక్కలా చేతిలోంచి జారిపోయింది. చివరికి డబ్బాలో సగం నా మీసానికే దక్కింది. పెళ్ళిచూపులప్పుడు కూడా అది అంత నిగనిగలాడలేదు.

"మరి గుడ్లో?" అంటారు మీరు. ఛీ ఛీ, ఎంత స్వార్థమండీ! పగటి వెలుగు తగ్గితే పెట్టలు గుడ్లు పెట్టవు. నేను పెడుతుంటాను, అవి తింటుంటాయి. అసలు ఆ ఇంట్లో పెట్ట ఎవరో మీరే చెప్పండి!

కోళ్ళ వల్ల ఇరుగుపొరుగుతో స్నేహం కూడా పెరుగుతుంది. మూడో రోజు పక్కింటి దర్జీ గోడమీంచి తొంగిచూశాడు.

"ఏంటి సార్, దుప్పటి కప్పుకుని పెరట్లో తిరుగుతున్నారు? ఇంట్లో హీటర్ లేదా?"

"ఉందయ్యా. కోళ్ళకు పెట్టాను."

"మరి మీకు?"

"నాకెవరు రాశారు?"

అతనికి ఏమీ అర్థం కాలేదు. "పోనీ కొలతలు ఇవ్వండి సార్, మందపాటి కోటు కుట్టిపెడతాను. కోళ్ళకు కాదు, మీకే," అన్నాడు. ఆ 'మీకే' అన్నమాటకు నేను కరిగిపోయాను. పరాయివాడికున్న జాలి తోడబుట్టినదానికి లేకపోయె!

సాయంత్రాలు నూక వేసే వంకతో గూటి గుమ్మంలో కూర్చుని చేతులు కాచుకునేవాణ్ణి. పెద్ద పెట్ట నన్ను పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసేది. ఎవరి హీటర్‌కు ఎవరు చుట్టం, చెప్పండి!

ఐదో రోజు మధ్యాహ్నం అక్క దిగింది. గుమ్మంలో నన్ను చూసి నిలబడిపోయింది. నా ఒంటిమీద మూడు చొక్కాలు, రెండు దుప్పట్లు, తలకు తువ్వాలు.

"ఏంట్రా ఈ అవతారం? హీటర్ ఏది?"

"నువ్వు రాసిన చోటే ఉందక్కా," అన్నాను నిష్ఠూరంగా.

అక్క సంచి కింద పడేసి పెరట్లోకి పరుగెత్తింది. వైరు పీకేసింది. హీటర్ పక్కన గడ్డిపరకలు కొన్ని అప్పటికే మాడి నల్లబడ్డాయి. అక్క మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ఇది అంటుకునుంటే? గూడూ పోయేది, ఇల్లూ పోయేది, నువ్వూ పోయేవాడివి! పెట్టకు అని రాశాను కదరా!"

"అందుకేగా పెట్టకు పెట్టాను!"

"పెట్టకు అంటే పెట్టొద్దనిరా!"

"మరి పెట్టకు నీళ్ళు?"

"అది పెట్టకు!"

"మరి ఇది?"

"ఇది పెట్టకు!"

ఎడిటర్ కూడా మధ్యలో ఏదో అన్నాడు. వాడికి అర్థమైనట్టే ఉంది.

నేను ఊరుకుంటానా? చీటీ తెచ్చి సాక్ష్యంగా ముందు పెట్టాను. అక్క నా ఎర్రచుక్కను చూసింది. నన్ను చూసింది. కాగితం వెనక్కి తిప్పింది.

పాఠకులారా, మా ఆఫీసులో ప్రూఫులు ఒకవైపే తీసేవారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఏ కాగితాన్నీ వెనక్కి తిప్పి చూసిన పాపాన పోలేదు నేను. వెనక ఇలా ఉంది.

"గూట్లో. గడ్డి అంటుకుంటుంది. నీ మంచం పక్కనే ఉండనీ. నీకు చిన్నప్పట్నుంచీ చలి పడదు. అల్మరాలో నాన్న శాలువా ఉంది, కప్పుకో. వేళకు తిను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఐదు రోజులపాటు అక్కను మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! వాటిలో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

సరే, ఒప్పుకుంటున్నాను. కోళ్ళమీద నాకు కోపం లేదు. కోళ్ళకు హీటరే అక్కర్లేదట. గడ్డి పొడిగా ఉండి, గాలి ఆడుతూ ఉంటే ఒకదాన్నొకటి ఆనుకుని హాయిగా ఉంటాయట. నా గోడల్లా ఒక్కటే. కోళ్ళ సంగతులన్నీ ముందువైపు రాసి, ప్రేమనంతా కాగితం వెనక్కి తోసే అక్కలకు నా మనవి. ఆ నాలుగు ముక్కలూ ముందువైపే రాయండమ్మా! మాలాంటి మొద్దులకు కాగితం తిప్పడం రాదు.

ఇప్పుడు నాకు జలుబు, దగ్గు, జ్వరం. శాలువా ఒంటిమీద ఉంది, హీటర్ మంచం పక్కనుంది. ఈ పొద్దున అక్క ఫ్రిజ్ మీద కొత్త చీటీ అంటించి బజారుకు వెళ్ళింది.

"తమ్ముడికి గోరువెచ్చని నీళ్ళు, రోజుకు మూడుసార్లు.
తమ్ముడికి వాజలైన్, ముక్కుకు.
తమ్ముడికి హీటర్"

అన్నీ ముందువైపే! చివర చుక్క మాత్రం లేదు. చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోయింది. ఆగాను. బుద్ధొచ్చింది కదా! కాగితం వెనక్కి తిప్పాను.

"పెట్టకు ఫుల్‌స్టాప్."

అక్క మాట ఈసారి జవదాటేది లేదు. ఎర్ర పెన్ను పట్టుకుని గూటి ముందు నిలబడ్డాను. నాలుగింటిలో ఏ పెట్టకో మాత్రం ఆవిడ రాయలేదు.