పన్నెండో రంగు

ప్రపంచంలో జుట్టు రంగులు మొత్తం పదకొండు. ఇందులో వాదనకు తావు లేదు. అలంకరణ సామాను అమ్మే ఆ పెద్ద దుకాణంలో, కింది అంతస్తులో, లిప్‌స్టిక్కుల కౌంటరు పక్కన వేలాడదీసిన అట్ట మీద ఈ సంగతి స్పష్టంగా అచ్చయి ఉంది. నలుపు, నీలినలుపు, ముదురు గోధుమ, లేత గోధుమ, రాగి, నేరేడు, చెర్రీ, తేనె, ఇసుక, బంగారం, ఆఖరున "సాయంసంధ్య". ఈ చివరిది ఏ రంగో అచ్చు వేయించిన కంపెనీకి కూడా తెలియదు. అన్నిటికన్నా ఖరీదైనది మాత్రం అదే.

అట్టకు ఎడమ పక్కన జుట్టు రంగులు నిలువుగా ఉంటాయి. పైన పెదవి, బుగ్గ, కనురెప్ప, కనుబొమ అని అడ్డంగా ఉంటాయి. రెండూ కలిసిన గడిలో ఒక నంబరు. వచ్చినావిడ జుట్టు చూడటం, గడి చూడటం, ఆ నంబరు డబ్బా తీసి చేతిలో పెట్టడం. మొహం చూడాల్సిన అవసరం లేకుండా కంపెనీ చేసిన ఏర్పాటిది. కౌంటరులో నిలబడే ఆడవాళ్లు కూడా తమ తమ జుట్టుకు అట్ట చెప్పిన రంగులే పూసుకుని రావాలని నిబంధన. రాకపోతే యూనిఫాం లేకుండా వచ్చినట్టే లెక్క.

ఆ అట్ట వైపు కన్నెత్తి చూడని మనిషి అక్కడ ఒక్కతే ఉంది. దుకాణంలో అందరూ ఆవిడను రంగులక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటరు. రాగిరంగు జుట్టు వేయించుకుని వచ్చి గులాబీ లిప్‌స్టిక్ అడిగే పిల్లను గుమ్మం దాకా నడిపించుకెళ్లి, పగటి వెలుతురులో అద్దం చూపించి, జ్వరం తగిలినదానిలా ఉన్నావు, ఇటుక రంగు వేసి చూద్దాం రమ్మనేది. నేరేడు జుట్టుకు కనురెప్పల మీద ఊదా పూస్తే ఎవరో కొట్టినట్టుంటుందనీ, బంగారు జుట్టు కింద నల్లటి కనుబొమలు అరువు తెచ్చుకున్నట్టుంటాయనీ ఆవిడకు ఎవరూ నేర్పలేదు. మొహాలు చూసి చూసి వచ్చిన విద్య. ఇంట్లో ఆవిడ మాట అడిగేవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు వచ్చి, నాకేది నప్పుతుందో నువ్వే చెప్పక్కా అని మొహం అప్పగించేసి నిలబడతారు. అందుకే ఆవిడకు ఆ కౌంటరంటే ప్రాణం.

అలాంటి మనిషి తల మీద దద్దుర్లు లేచాయి. ఏళ్ల తరబడి మూడు వారాలకోసారి వేసుకుంటున్న కంపెనీ వారి ఒకటో నంబరు నలుపు ఒక్కసారిగా పడటం మానేసింది. కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి. చర్మం డాక్టరు చూసి, రంగు కావాలో తల కావాలో తేల్చుకోమన్నాడు. రంగులక్క కాసేపు ఆలోచించి తలే కావాలంది. వ్యాపారంలో అన్నేళ్లున్న మనిషి అంత తొందరపాటు నిర్ణయం తీసుకుంటుందని ఎవరూ అనుకోలేదు.

ఆ తర్వాత ఆవిడకు వరసగా పదోన్నతులు వచ్చాయి. కుదుళ్ల దగ్గర తెలుపు గోరంత కనపడగానే కౌంటరులో పిల్లలు "అక్కా" మాని "ఆంటీ" అన్నారు. అంగుళం కనపడ్డాక "పెద్దమ్మా" అయింది. కిందున్న నల్లకొసలన్నీ కత్తిరించేసి, పొట్టి తెల్లజుట్టుతో వచ్చిన రోజున లిఫ్టు దగ్గరుండే ఆయన, ఆవిడకన్నా ఏడేళ్లు పెద్దవాడు, చెయ్యి పట్టుకుని "చూసి ఎక్కండి మామ్మగారూ" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క ప్రమోషను ఎరగని మనిషికి మూడు నెలల్లో మూడు. జీతం మాత్రం అక్క హోదాలోదే ఇచ్చారు.

ఇంట్లో ఇంకో తమాషా. ఆవిడ భర్త రెండు ఆదివారాలకోసారి గడియ వేసుకుని మీసానికీ తలకూ రంగు పెట్టుకునే మనిషి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకోవచ్చు గానీ, ఆయన దురద ఆయనకుంది. "నీ తల నీ ఇష్టం, కాదన్ను. కానీ నీ తల చూసి నా వయసు లెక్కేస్తారు, అది ఆలోచించావా?" అన్నాడు. వీధిలో నడిచేటప్పుడు పది అడుగులు ముందు నడవడం మొదలుపెట్టాడు. ఓసారి పక్కవీధి పెద్దమనిషి ఎదురుపడి, మీ అమ్మగారు ఎప్పుడొచ్చారని అడిగితే, పోయిన వారం అని జవాబు చెప్పి ముందుకు సాగిపోయాడు. కూతురు తన బడి సమావేశానికి నాన్ననే పంపమంది. రంగులక్కకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్లు మళ్లీ వాస్తాయని ఊరుకుంది.

దుకాణం మేనేజరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. అందులో ఇలా ఉంది. "మీ జుట్టు రంగు పట్టికలో లేదని మా దృష్టికి వచ్చినది. పట్టికలో లేని జుట్టుకు పట్టికలోని రంగులు ధరించుట నిబంధనలకు విరుద్ధము. ఏ రంగూ ధరించక కౌంటరులో నిలబడుట కూడా విరుద్ధమే. కావున ఈ రెండింటిలో ఏ ఉల్లంఘనకు పాల్పడదలచినారో మూడు రోజులలో తెలియజేయవలెను. లేనిచో మిమ్ములను కౌంటరు నుండి తప్పించి గోదాముకు పంపవలసి వచ్చును."

రంగులక్క వెళ్లి మేనేజరును బతిమాలుకుంది. నేల కింద ఉన్న గోదాములో డబ్బాలకు చీటీలు అంటించే పని. అక్కడ మొహాలుండవు. మేనేజరు చెడ్డవాడు కాదు. విషయం సున్నితమైనదని గ్రహించి, తెలుపుకు ఏ రంగులు నప్పుతాయో తేల్చడానికి అయిదుగురు సభ్యులతో సంఘం వేశాడు. తల పండినవాళ్ల మాటకు విలువుంటుందని సభ్యులందరినీ యాభై దాటినవాళ్లనే ఎంచాడు. అయిదుగురి తలలూ కలిపి వెతికినా ఒక్క తెల్లవెంట్రుక దొరకదు. తల పండాలి గానీ పండినట్టు కనపడకూడదని అక్కడ అందరికీ తెలుసు. తొలి సమావేశంలో ఎవరో "తెల్లజుట్టు" అన్న మాట పలకగానే అయిదు చేతులూ గుమ్మడికాయల దొంగల్లా భుజాలు దాటి చెంపల దాకా వెళ్లాయట. అందుకని ఆ మాట ఇకపై వాడకూడదనీ, "ప్రస్తుత పరిస్థితి" అనాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్పు వచ్చేదాకా రంగులక్కను వెలుతురు తక్కువుండే మూల నిలబడమన్నారు.

సంఘం ఆలోచిస్తూ ఉండగా రంగులక్క పని కానిచ్చేసింది. ఒకరోజు పొద్దున్నే, తలుపులు తీయకముందే వచ్చి, గుమ్మం పక్క వెలుతురులో అద్దం పెట్టుకుని కూర్చుంది. నల్లజుట్టు రోజుల్లో వేసుకున్న మెరూన్ వేస్తే, ఇంకెవరి పెదాలో తెచ్చి అతికించినట్టుంది. లేత గోధుమ వేస్తే రోగం నుంచి లేచొచ్చినట్టుంది. నల్ల పెన్సిలుతో కనుబొమలు దిద్దితే ఎవరినో తిట్టబోతున్నట్టుంది. వేసింది, తుడిచింది, మళ్లీ వేసింది. పదిహేనోసారికి దొరికింది. పెదాలకు దానిమ్మగింజ ఎరుపు, ముప్పై ఏడో నంబరు. అదే ఎరుపు వేలికొసతో బుగ్గల మీద ఉండీ లేనట్టు. కనుబొమలకు బూడిద రంగు. రెప్పలకేమీ వద్దు. అద్దంలో చూసుకుంది. తెల్లజుట్టు కింద మొహం దీపం పెట్టినట్టుంది. అన్ని నెలల తర్వాత మొదటిసారి ఆవిడకు హాయిగా అనిపించింది.

ఆ మధ్యాహ్నం రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ, ఒకటో నంబరు నలుపు కొనుక్కోవడానికి వచ్చి, తీసుకున్న డబ్బా తీసుకున్నట్టే పక్కన పెట్టేసింది. రంగులక్క మొహం కేసి చాలాసేపు చూసి, "మీరు వేసుకున్నదే నాకూ వెయ్యండమ్మా" అంది. రెండు నెలల తర్వాత ఆ టీచరమ్మ పొట్టిగా కత్తిరించిన తెల్లటి తలతో, దానిమ్మ పెదాలతో మళ్లీ వచ్చింది. వెంట నలుగురు స్నేహితురాళ్లను తెచ్చింది. వాళ్లు ఇంకో పదిమందిని తెచ్చారు. ఇన్నేళ్లూ వీళ్లంతా ఎక్కడున్నారో తెలియదు గానీ, ఆ చీకటి మూల ముందు వరస కట్టారు. ఒక్కొక్కరినీ గుమ్మం దాకా నడిపించుకెళ్లి రంగు ఎంచి పంపేది రంగులక్క.

చిక్కంతా బిల్లు దగ్గర వచ్చింది. జుట్టు రంగు చెప్పందే కంప్యూటరు బిల్లు ఇవ్వదు. తెలుపంటే ఒప్పుకోదు. బిల్లు కొట్టే అమ్మాయి తెలివైనది కాబట్టి, వచ్చిన తెల్లజుట్లన్నిటినీ "సాయంసంధ్య" కింద రాసేసింది. దాంతో ఈ ఒక్క దుకాణంలో సాయంసంధ్య కింద అమ్మకాలు ఎనిమిదింతలు అయ్యాయని ప్రధాన కార్యాలయం ఉలిక్కిపడి, కారణం కనుక్కురమ్మని ఇద్దరు అధికారులను పంపింది. వాళ్లు రెండు రోజులు మూలనే కూర్చుని, రంగులక్క ఎవరికి ఏది వేస్తోందో, ఎంత వేస్తోందో, ఏది వద్దంటోందో అంతా పుస్తకంలో రాసుకున్నారు. వెళ్లేటప్పుడు ఆవిడ చేతులు పట్టుకుని, మీలాంటి పెద్దలు కంపెనీకి ఆస్తి మామ్మగారూ అన్నారు.

అదే వారం సంఘం నివేదిక కూడా వచ్చింది. తెలుపు రంగు కాదు, రంగు లేకపోవడం మాత్రమే. లేనిదానికి నప్పేది ఉండదు. ఈ ముక్క తేల్చడానికి పదకొండు సమావేశాలు పట్టాయి.

కొన్నాళ్లకు కంపెనీ ప్రపంచానికి పన్నెండో జుట్టు రంగును ప్రసాదించింది. దాని పేరు "వెన్నెల". కొత్త అట్ట వచ్చింది. వెన్నెల జుట్టుకు పెదవి ముప్పై ఏడో నంబరు, బుగ్గకు అదే, కనుబొమకు బూడిద, రెప్పలకు ఏమీ లేదు. అట్ట అడుగున, నిపుణుల సంఘం సుదీర్ఘ పరిశోధన ఫలితమని సన్నటి అక్షరాల్లో ఉంది. లేనిదానికి నప్పేది ఉండదన్న ఆ అయిదుగురికీ శాలువాలు కప్పారు. కౌంటరులో నిలబెట్టడానికి ఇరవై ఏళ్ల పిల్లను తెచ్చారు. పిల్లది కారునల్లటి జుట్టు. దాని నలుపు ఊడదీయడానికి తొమ్మిది గంటలూ, వెన్నెల పట్టించడానికి మూడు గంటలూ పట్టిందట.

ఆవిష్కరణ సభలో మేనేజరు కొత్తగా రంగేసిన మీసం దువ్వుకుంటూ ప్రసంగించాడు. "తెలుపంటే భయపడే రోజులు పోయాయి. వయసును దాచుకోవడం బానిసత్వం. మన సంస్థ మహిళలకు తెల్లజుట్టు స్వేచ్ఛను తొలిసారిగా, డబ్బాల్లో, అందుబాటులోకి తెచ్చింది" అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక రంగులక్కను పిలిచి, ఇకపై ఆవిడ కౌంటరులో నిశ్చింతగా ఉండొచ్చని చల్లని కబురు చెప్పాడు. ఒకటే షరతు. ఆవిడ తెలుపు అట్ట మీది వెన్నెలతో సరిపోవడం లేదు. ముందువైపు మరీ తెల్లగా, మెడ దగ్గర కాస్త బూడిదగా, అడ్డదిడ్డంగా ఉంది. కాబట్టి వెన్నెల వేయించుకోవాలి.

"నాది ఉన్నదే తెలుపు కదా సార్. దీనికి మళ్లీ తెల్లరంగెందుకు? పైగా నాకు దద్దుర్లు" అంది రంగులక్క.

మేనేజరు చాలా ఓపికగా చెప్పాడు. "ఉన్నది వేరు, వేయించుకున్నది వేరు మామ్మగారూ. ఉన్నదాన్ని మనం ఎలా అమ్ముకుంటాం?"

ఇంత సూటిగా చెప్పినా ఆవిడకు బుర్రకెక్కలేదు. మర్నాడు ఆవిడను గోదాముకు పంపేశారు. వెళ్లేటప్పుడు కౌంటరులోని ఆ కొత్త పిల్లను పక్కకు పిలిచి, వచ్చినవాళ్ల మొహం గుమ్మం దగ్గర చూడమని చెప్పబోయింది. పిల్ల మర్యాదగా అట్ట చూపించింది.

వెన్నెలకు గిరాకీ మామూలుగా లేదు. దానిమ్మ పెదాలతో తిరుగుతున్న తెల్లజుట్టు ఆడవాళ్లందరూ పరుగున వచ్చారు. తమది వట్టి తెలుపేననీ, వెన్నెల కాదనీ అప్పటిదాకా వాళ్లకు తెలియనే తెలియదు. అయితే డబ్బా మీద సూచనలన్నీ "మీ నల్లని జుట్టును" అనే మొదలవుతాయి. తెల్లజుట్టు మీద నేరుగా వేయవచ్చో లేదో ఎక్కడా రాయలేదు. కంపెనీని అడిగితే, సూచనలను తు.చ. తప్పకుండా పాటించవలెనని జవాబొచ్చింది. కాబట్టి ముందు తెల్లజుట్టుకు నలుపు వేయించుకోవాలి. మూడు వారాలు ఆగి ఆ నలుపు ఊడదీయించుకోవాలి. అప్పుడు వెన్నెల పట్టించాలి. మూడు డబ్బాలూ కలిపి కొంటే తగ్గింపు కూడా ఉంది. ఒక్కరంటే ఒక్కరూ ఎందుకని అడగలేదు. వరస దుకాణం గుమ్మం దాటి వీధిలోకి వెళ్లింది.

ఒకరోజు గోదాము మెట్లు దిగి టీచరమ్మ వచ్చింది. నల్లరంగు దశలో ఉంది. పైన పిల్ల అట్ట చూసి ఇచ్చిన మెరూన్ ఆవిడ మొహానికి అతకలేదు. రంగులక్క ముందు నిలబడి, "మామ్మగారూ, వెన్నెలకి ఇంకా మూడు వారాలు ఆగాలట. అందాకా ఈ నల్లజుట్టుకి ఏది బాగుంటుందో కాస్త చూసి పెట్టండి" అంది.

రంగులక్క చేతిలో చీటీలు పక్కన పెట్టింది. టీచరమ్మను సామాను దింపే షట్టరు దగ్గరకు, వెలుతురులోకి తీసుకెళ్లి, గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పి చూసి, ఆలోచించి ఒక నంబరు చెప్పింది. టీచరమ్మ నిండు నూరేళ్లు బతకమని దీవించబోయి, పెద్దావిడను దీవించకూడదని గుర్తొచ్చి దణ్ణం పెట్టింది.

టీచరమ్మకు అరవై ఏడు. ఆవిడ అలా దణ్ణం పెట్టిందని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. రంగులక్క వయసెంతో ఈ కథలో ఎక్కడా చెప్పలేదు. కూతురు ఇంకా బడికి వెళ్తోందని చెప్పినా సరే, తల తెల్లబడిందన్న ముక్క చదవగానే మీరు ఆవిడకు ఓ అరవై ఏళ్లు వేసేసి, ఇక్కడిదాకా ఆ లెక్కనే జాలిపడుతూ వచ్చారు.

ఆవిడకు నలభై నాలుగు.