మలుపులో పుల్లమ్మ

పదకొండు గంటలకల్లా టెస్టు మైదానానికి చేరి లైసెన్సు సంపాదించాలన్నది ఆ ఉదయం నర్సు యశోద పథకం. ఇప్పటికే రెండుసార్లు టెస్టు తప్పింది. మర్నాటితో లెర్నింగ్ లైసెన్సు గడువు ముగుస్తుంది. అడవి ఊళ్ళకు టీకాలు పట్టుకెళ్ళడానికి కారు కొన్నది కానీ, ఆరు నెలలుగా అది ఇంటి ముందు కోళ్ళకు నీడనిస్తోంది.

"భయపడకున్రి మేడం," అన్నాడు పక్క సీట్లో కూర్చున్న డ్రైవింగ్ మాస్టారు బెన్నీ. "ఏం అడ్డం కనిపించినా గట్టిగ పేరు చెప్పున్రి. నోరు చెప్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతది."

యశోద కిటికీ అద్దం దించి మరీ పాటించింది. "మేక! గుంత! ఇంకో మేక!"

భద్రాచలం రోడ్డులో అడవి మలుపు తిరగ్గానే, నడిరోడ్డు మీద కూర్చుని రాలిన ఇప్పపూలు ఏరుకుంటున్న ముసలామె కనిపించింది. యశోద ఊరామే.

"పుల్లమ్మ!" అని కేకేసి, పది గజాల ఇవతలే కారు ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, నాలుగు లైట్లూ మిణుకుమనిపించింది.

వెనక బైకు మీద వస్తున్న సోమ్లాకు హెల్మెట్లోంచి ఆ కేక సగమే వినిపించింది. అతను బండి తిప్పి, ఎదురొచ్చిన బస్సును ఆపాడు.

"పులి! మలుపుల కూసుందంట!"

కండక్టరు అందరిచేతా కిటికీలు మూయించాడు. కబురు చివరి సీటుకు చేరేసరికి పులికి రెండు పిల్లలు పుట్టాయి. అంతలో బస్సు వెనకే ఆనుకుని వస్తున్న జీపు ఆగలేక ధనామని గుద్దింది.

"ఎక్కింది! పైకెక్కింది!" బస్సంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆ అరుపుకు పుల్లమ్మ గంపతో సహా యశోద కారులో దూరింది. "జల్దీ పోనియ్యి బిడ్డా! ఏందో వచ్చిందంట!"

జీపులోంచి దిగి జాకీ రాడ్డుతో కారు దగ్గరికొచ్చిన మనిషిని చూడగానే యశోద సీటు బెల్టు సర్దుకుంది. టెస్టులో ఆమెను రెండుసార్లు ఫెయిల్ చేసిన ఇన్‌స్పెక్టర్ రవీందర్.

"ఏది పులి?"

"పులేంది సార్? పుల్లమ్మ. వెనక సీట్ల ఉంది."

రవీందర్ గంప వైపు చూశాడు. తర్వాత తన జీపు వైపు చూశాడు. రేడియేటర్ నీళ్ళు రోడ్డు దాటుతున్నాయి. గడియారం పదీ నలభై చూపిస్తోంది. రాడ్డు బెన్నీ చేతికిచ్చి, అతన్ని పుల్లమ్మ పక్కకు పంపి, తాను ముందు సీట్లో కూర్చున్నాడు.

"నడపమ్మా. టెస్టు గిక్కడి నుంచే మొదలు."

యశోద హ్యాండ్ బ్రేకు దించి గేరు వేసింది. అద్దంలో చూసింది. అలవాటు కొద్దీ నోరు ఆగలేదు.

"కుడి దిక్కు ఎద్దు. ముందట గుంత. అద్దంల... ముందు బండికి దూరం ఉంచని జీపు."

మైదానం చేరేదాకా రవీందర్ అద్దం వైపు చూడకుండా కూర్చున్నాడు. దిగుతూనే కాగితం మీద సంతకం చేశాడు.

యశోదకు లైసెన్సు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్ళాడు, నిలబడి.