మైపాడులో షూటింగ్

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి, తొమ్మిదింటికి మైపాడు చేరి, రెండు పిస్తోళ్ళను పరీక్షించి, వాటిలో మంచిదాన్ని ఎంపిక చేసి, పన్నెండున్నరకల్లా ఇంటికొచ్చి భోంచెయ్యాలన్నది కామాక్షయ్యగారి పథకం. ముప్పై రెండేళ్ళు హెడ్‌గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి కనుక పథకాన్ని కాగితం మీద రాసుకున్నారు కూడా. భోజనం అన్న మాట కింద గీత గీశారు.

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. తుపాకి పట్టడం అందరూ నేర్చుకోవాలన్న ఉత్సాహం దేశమంతా ఉండటంతో నెల్లూరులో కూడా ఒక రైఫిల్ క్లబ్బు వెలిసింది. దానికి కార్యదర్శి కామాక్షయ్యగారు. అధ్యక్షుడు బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు ఉన్న రంగనాయకులుగారు. నేర్పేవాడు పట్టాళంలో సుబేదారుగా చేసి వచ్చిన జకరయ్య. కాగితం మీద సభ్యులు నలభై మంది. ఆదివారాల్లో వచ్చేది ఏడుగురు. ఆ ఏడుగురిలో గురి అట్టకు తగిలేలా కాల్చేది ఒక్కరే.

ఆమె పేరు ప్రేమలీల. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. మాట తక్కువ. పిస్తోలు పట్టుకుని చెయ్యి చాపిందంటే ఆ చెయ్యి గోడకు దిగేసిన కొయ్యలా నిలిచిపోయేది. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇట్టాంటి చెయ్యి ఒకటే చూసినా. రెండోది ఈ టీచరమ్మది" అనేవాడు జకరయ్య. ఆయన ఎవరినీ మెచ్చుకునే రకం కాదు కనుక క్లబ్బులో ఆ మాటకు బరువుండేది.

ప్రేమలీల ఇన్నాళ్ళూ వాడింది ఒక ఇంజనీరుగారి పిస్తోలు. ఆయనకు బదిలీ అయింది. పిస్తోలు కూడా ఆయన వెంట వెళ్ళిపోయింది. మద్రాసులో పోటీలు ఇంకో రెండు వారాల్లో ఉన్నాయి. ఎన్నో నెలలు తిరిగిన తర్వాత క్లబ్బుకు పాయింట్ టూటూ పిస్తోలు ఒకదానికి లైసెన్సు వచ్చింది. ఒక్కదానికే. మద్రాసులోని తుపాకుల కొట్టువాళ్ళ దగ్గర రెండు ఉన్నాయి. కొట్టు మనిషి ఆ రెండూ పట్టుకుని ఆదివారం పొద్దున బండికి వచ్చి, ఒకటి ఇచ్చి, రెండోది తీసుకుని మధ్యాహ్నం బండికి పోవాలి. క్లబ్బులో గుళ్ళకు అడ్డంగా పోసిన మట్టికట్ట వానలకు జారిపోయింది. మైపాడులో సముద్రం ఒడ్డున ఇసుకదిబ్బకు కాలుస్తామని కామాక్షయ్యగారు పోలీసుల దగ్గర అనుమతి తీసుకున్నారు.

ఇంతవరకూ అంతా పథకం ప్రకారమే జరిగింది. శనివారం సాయంత్రం ఆయన టాక్సీ ఆదెయ్య దగ్గరకు వెళ్ళారు.

"ఆదెయ్యా, రేపు పొద్దున కారు కావాల. మైపాడు దాకా."

"ఏం పని మీద సార్?"

"ఆడ షూటింగ్ ఉండాది."

కారు అద్దం తుడుస్తున్న ఆదెయ్య చెయ్యి ఆగిపోయింది. "మద్రాసోళ్ళా సార్?"

"సామానంతా మద్రాసు నించే వస్తా ఉండాది. వాళ్ళ మనిషి పొద్దున బండికి దిగతాడు. ప్రేమలీలగారు మన కార్లోనే వస్తారు. ఎవురికీ చెప్పమాక. జనం చేరితే పని సాగదు."

"నేనెందుకు చెప్తా సార్" అన్నాడు ఆదెయ్య.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. భార్య పోలేరమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పోలేరమ్మ కూడా, మైపాడు నుంచి చేపల గంప తెచ్చే ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చేపలామె దగ్గర మాత్రం ఎవరూ మాట తీసుకోలేదు.

ఆదివారం ప్రేమలీలను, జకరయ్యను, బండి దిగిన కొట్టు మనిషిని ఎక్కించుకుని కారు ఊరు దాటేసరికి రోడ్డు నిండా బండ్లు, సైకిళ్ళు. బస్సు టాపు మీద కూడా మనుషులే. పిల్లలకు తలదువ్వి, పౌడరు రాసి, ఎత్తుకుని నడిచిపోతున్న ఆడవాళ్ళు.

"ఈ పొద్దు ఏం పండగబ్బా?" అన్నారు కామాక్షయ్యగారు.

"మీకు తెలవంది ఏముండాది సార్" అని ఆదెయ్య నవ్వి, వెనక కూర్చున్న ప్రేమలీలను అద్దంలో చూశాడు. నూలుచీర, కాన్వాసు బూట్లు, బిగించి ముడేసిన జుట్టు. అతనికి కాస్త నిరాశగా అనిపించింది. "మేడంగారికి ఇది ఎన్నోది సార్?"

"మద్రాసులో ఇదే మొదటిది. రాజమండ్రిలో ఒకటి అయింది" అన్నారు కామాక్షయ్యగారు, పోటీల సంగతి అనుకుని.

"మొదట్లో అందరూ ఇట్టా సాదాగానే ఉంటారు లెండి" అని ఆదెయ్య ఓదార్చాడు.

మైపాడు ఒడ్డున రెండు వేల మంది ఉన్నారు. తాటాకు పందిరి వేసి ఉంది. సోడాబండ్లు వరసగా నిలబడ్డాయి. దిబ్బ వెనక సరుగుడు తోటలో చెట్టుకు ఇద్దరు ముగ్గురు ఎక్కి కూర్చున్నారు. చేపలు పట్టి బతికే పట్టపుపాలెం వాళ్ళంతా స్నానాలు చేసి పూలు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ఆ పాలెంలో మాటకు ఎదురులేని పెద్దమనిషి నాగులమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆమే ఎదురొచ్చి ప్రేమలీల చేతికి కొబ్బరిబొండం ఇచ్చింది.

"మీరొస్తా ఉండారని ఈ పూట వేటకు పోవద్దన్నానమ్మా. ఒక్క పడవా దించలా."

కామాక్షయ్యగారి కళ్ళు చెమర్చాయి. పిస్తోలు ఎంపికకు ఒక పూట వేట మానుకున్న జనం గురించి ఆయన ఎన్నడూ వినలేదు. జిల్లాలో క్రీడాభిమానం ఇంత పెరిగిందన్న సంగతి తమ క్లబ్బు ఆదివారం హాజరులో కనబడకపోవడమే ఆయనకు వింతగా తోచింది.

"అయితే సామీ, హీరో యాడ?" అంది నాగులమ్మ.

కామాక్షయ్యగారు ఒకసారి పందిరి వంక, ఒకసారి చెట్ల వంక, ఒకసారి ఆదెయ్య వంక చూశారు. ఆదెయ్య సోడా తాగుతున్నాడు. అప్పుడు అంతా అర్థమైంది. వేట మానుకున్న పడవలు లెక్కపెట్టబోయి, ఇరవై దగ్గర ఆపేశారు. జకరయ్యను పక్కకు లాక్కుపోయారు.

"సుబేదారూ, వీళ్ళంతా సినిమా షూటింగ్ అనుకొని వచ్చినారు. చెప్పేద్దామా?"

జకరయ్య జనాన్ని పరిశీలనగా చూశాడు. "ఇప్పుడు చెప్తే మన్ని కొడతారు. పని కానిచ్చి చెప్దాం. అప్పుడైతే కొట్టినా పిస్తోలన్నా మిగులుద్ది."

అంతలో రంగనాయకులుగారి కారు వచ్చి ఆగింది. పట్టుపంచె, జరీ ఉత్తరీయం, ముఖాన దట్టంగా పౌడరు. క్లబ్బు ఫోటోకు తయారై వచ్చారనుకున్నారు కామాక్షయ్యగారు. అధ్యక్షుడు జనానికి రెండు చేతులా దండం పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. "ప్రొడ్యూసరు" అన్నారు కొందరు. "కాదు, జమీందారు వేషం" అన్నారు ఇంకొందరు.

కొట్టు మనిషి పెట్టె తెరిచాడు. ఒక పిస్తోలు నికెల్ పూతతో తళతళలాడుతోంది. పిడికి ముత్యపుచిప్ప తాపడం, ఒళ్ళంతా పూలతీగెలు. రెండోది నల్లగా, పొడుగు గొట్టంతో, వాడి వాడి అరిగిన కొయ్యపిడితో ఉంది. పెద్దింటి పెళ్ళిలో చుట్టాల మధ్య కూర్చున్న వంటమనిషిలా ఉంది.

"ఇంకా చూసేదేముందయ్యా, ఆ మెరిసేదే తీసుకుందాం" అన్నారు రంగనాయకులుగారు. "నలుగురికీ కనపడాల గదా."

"కనపడాల్సింది అట్ట మీద సార్" అన్నాడు జకరయ్య. "ముందు ఆ చెట్ల మీదోళ్ళు దిగాల. దిబ్బ వెనక మనిషి ఉంటే నేను ఒక్క గుండు కూడా పెట్టనియ్యను."

కామాక్షయ్యగారు చేతులు జోడించి బతిమాలారు. ఎవరూ దిగలేదు. నాగులమ్మ లేచి, నాలుగడుగులు ముందుకేసి, ఒక్క కేక వేసింది. సముద్రం మీద దూరాన ఉన్న పడవకు వినపడేలా పిలవడం అలవాటైన గొంతు అది. చెట్లన్నీ ఖాళీ అయ్యాయి. తర్వాత ఆమె వలతాడు తెప్పించి, జనమంతా దాని వెనకే ఉండాలని గీత గీసినట్టు వేయించింది. తన పట్టాళంలో ఇంత తొందరగా ఎవరూ వరసకట్టలేదని జకరయ్య తర్వాత ఒప్పుకున్నాడు.

ఆయన ఇరవై అయిదు గజాలు కొలిచి రెండు అట్టలు నిలబెట్టాడు. బల్ల మీద ఇసుక మూటలు పెట్టాడు. చెయ్యి వణికిందన్న సాకు లేకుండా, మూటల మీద ఆనించి ఒక్కోదాంతో అయిదేసి గుళ్ళు, రెండింటికీ ఒకే పెట్టెలోవి. మొదట మెరిసేదాన్ని అధ్యక్షులవారే ప్రారంభించారు. సముద్రం గాలికి ఉత్తరీయం ఎగురుతుండగా, అట్టను కాక జనాన్ని చూస్తూ ఒక గుండు కాల్చారు. ఇసుకదిబ్బ మీద ఎక్కడో చిన్న దుమ్ము లేచింది.

తర్వాత ప్రేమలీల కూర్చుంది. ఆమె పిస్తోలు పట్టుకోగానే ముందు వరస సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం వెనక్కి వెనక్కి పాకి సోడాబండ్ల దాకా పోయింది. ఊపిరి సగం వదిలి, ఆపి, వేలు మెల్లగా బిగించింది. ట్రిగ్గరు బిగుసుకుపోయిన తలుపు గడియలా మొరాయించి, చివర్లో ఒక్కసారిగా జారింది. అయిదు గుళ్ళూ అట్టకు తగిలాయి. ఒకటి నల్లచుక్క నడిమధ్యన, మిగతా నాలుగూ నాలుగు దిక్కుల.

నల్లదాంతో అయిదు కాల్చింది. అట్ట తెచ్చి చూస్తే నల్లచుక్కలో ఒక్కటీ లేదు. కింద ఎడమపక్క మూలన, రేగుపండు పట్టేంత చోట, అయిదు రంధ్రాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"చూసినారా? మనది నడిమధ్యన కొట్టింది. ఆ నల్లది ఒక్కటీ కొట్టలా" అన్నారు రంగనాయకులుగారు. జనం తలలూపారు. కాగితం మీద సంతకం చెయ్యాల్సింది ఆయనే. కొట్టు మనిషి మెరిసేదాని కోసం రసీదు కూడా తీశాడు.

ప్రేమలీల ఆ రోజు మొదటిసారి నాలుగు మాటలు కలిపి మాట్లాడింది. "అయ్యా, అది మధ్యలో కొట్టింది పొరపాటున. మళ్ళీ యాడ కొడతాదో దానికే తెలవదు. ఇది తప్పుచోట కొట్టింది. కానీ అయిదుసార్లూ ఆ తప్పుచోటే కొట్టింది. దీన్ని దిద్దుకోవచ్చు."

"తప్పుచోట కొట్టేదాన్ని కొనమంటావా అమ్మా?" అన్నారు అధ్యక్షులు. ఆయన నవ్వితే వెనకున్నవాళ్ళూ నవ్వారు. జకరయ్య ఏదో చెప్పబోతే, జనంలో ఎవరికీ వినపడలేదు.

నాగులమ్మ తాడు దాటి వచ్చింది. రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. రేగుపండంత రంధ్రం మీద వేలు పెట్టింది.

"ఈయమ్మ చెప్పింది నిజం సామీ. ఎప్పుడూ ఎడంపక్కకే లాగే పడవుంటే, కొంచెం కుడికి పట్టుకొని పోతాం. మా ఇంట్లో అట్టాంటి పడవతో ముగ్గురు బిడ్డల్ని సాకినా. ఒకపొద్దు ఇటు, ఒకపొద్దు అటు లాగే పడవైతే, అది బంగారు పడవైనా నేను ఎక్కను, నా బిడ్డల్ని ఎక్కనియ్యను."

సముద్రంలో బతికే జనం అది. ఇంకెవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. నవ్వు ఆగిపోయింది. జకరయ్య నల్లపిస్తోలు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, వెనక గురిచట్రానికి ఉన్న రెండు చిన్న మరలను చాకుమొనతో కాస్త పైకి, కాస్త కుడికి తిప్పాడు. ప్రేమలీల మళ్ళీ కూర్చుంది. అయిదు గుళ్ళు. అట్ట తెచ్చి ఎత్తి చూపిస్తే నల్లచుక్క మధ్యలో మళ్ళీ అదే రేగుపండు. ఇంకో అయిదు, ఈసారి మూటలు తీసేసి, లేచి నిలబడి, ఒంటిచేత్తో. నాలుగు మధ్యలో, ఒకటి అంచున. ఆమె పిస్తోలు బల్ల మీద పెట్టి, అంచున పడ్డదాని వైపు చూసి, నొచ్చుకున్నట్టు తల అడ్డంగా ఊపింది. రెండు వేల మందీ తామే తప్పు చేసినట్టు నిట్టూర్చారు.

పదిన్నరైంది. ఇక దాచి లాభం లేదని కామాక్షయ్యగారు సోడాపెట్టె ఎక్కారు.

"అయ్యా, అమ్మా, మీరు నన్ను క్షమించాల. ఈడ సినిమా ఏమీ లేదు. హీరో రాడు. ఇది ఉత్త పిస్తోలు పరీక్ష. మీ వేట కూడా చెడింది."

ఒక్కరూ కదల్లేదు. నాగులమ్మే సమాధానం చెప్పింది.

"కెమెరా రాలేదని తొమ్మిదిన్నరకే తెలుసు సామీ. మా పిల్లకాయలు కార్లన్నీ వెతికినారు. పోదామంటే నేనే ఉండమన్నా. సినిమాలో అయితే కొట్టినట్టు చేస్తారు. ఈమె నిజంగా కొడతా ఉంటే లేచిపోతామా? వేటంటావా, చేపలు రేపూ ఉంటాయి."

"సినిమా లేదా?" అన్న గొంతు వెనక నుంచి వినపడింది. అందరూ తిరిగి చూశారు. రంగనాయకులుగారు. పౌడరు మీద చెమట చారలు కట్టి ఉంది. "మరి పరీక్షతో పాటు సినిమా కూడా తీస్తారని నా మిల్లులో వాళ్ళంతా చెప్పినారే... నాకు పట్టుపంచె అదీ..." అని, చుట్టూ చూసి, మాట మింగేశారు.

వచ్చిన రెండు వేల మందిలో చివరిదాకా నమ్మింది ఆయనొక్కరే. కామాక్షయ్యగారు వెంటనే తల దించుకుని, నల్లపిస్తోలు కాగితం ఆయన ముందు పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలితో చూపించారు. రంగనాయకులుగారు సంతకం చేశారు. తన ఉత్తరీయం తీసి ప్రేమలీల భుజాల మీద కప్పారు. ఆయన ఆ రోజు చేసిన పనులన్నిటిలో జనం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది దానికే.

రెండు వారాల తర్వాత మద్రాసులో ప్రేమలీలకు రెండో బహుమతి వచ్చింది. మైపాడులో అంచున పడ్డ గుండు గురించి మాత్రం ఆమె చాలాకాలం బాధపడింది.

ఆ ఆదివారం మైపాడులో జనాన్ని చూసుకోమని పంపిన కానిస్టేబులు అంతా అయ్యాక వచ్చాడు. జరిగింది జకరయ్యను అడిగి తెలుసుకుని, సైకిలు సీటు మీద కాగితం పెట్టి శ్రద్ధగా రిపోర్టు రాసి పై అధికారికి పంపాడు: "మైపాడు ఒడ్డున రెండు వేల జనం మధ్య షూటింగ్ జరిగినది. ఇరవై ఒక్క గుళ్ళు కాల్చినారు. ఒక పెద్దమనిషికి మనసు నొచ్చినది తప్ప ఇప్పుడు అంతా ప్రశాంతముగా ఉన్నది."

ఇన్‌స్పెక్టరుగారు రెండో వాక్యం దాకా చదివి, అన్నం ముందు నుంచి లేచి, జీపు తెమ్మన్నారట.